బిందె మీద జరిగిన పని

జూలై 3

పిచికా,

కొత్త గూటిలో కుదురుకున్నావా? నీ మొదటి ఉత్తరం నిన్న చేరింది. నువ్వున్న కొండ మీద ఫోను పలకదని, ఇక ఉత్తరాలే దిక్కని తెగ బాధపడిపోయావు. నాకైతే హాయిగా ఉంది. ఫోనులో నువ్వు మాట్లాడేది సగమే వినిపించేది. మిగతా సగం మీ పెద్దమ్మ చెప్పేది, అందులో మళ్ళీ సగం ఆవిడ సొంత కవిత్వం.

నువ్వు సైన్సు చెప్పే బడికి డిజిటల్ పెట్టె ఇచ్చారని రాశావు. గోడ మీద బొమ్మలు పడతాయి, ఎనిమిది ట్యాబులున్నాయి, సైన్సు పాఠాలన్నీ ముందే నింపి ఉన్నాయి, నెట్ అక్కర్లేదు అని ఒకటే సంబరం. అమ్మాయీ, నేను ఒక సుద్దముక్క, ఒక నిమ్మకాయ, ఒక గుండుసూది పెట్టుకుని ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పాను. గోడ మీద బొమ్మ ఆడితే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, కాదనను. నోరు తెరిచినంత మాత్రాన బుర్ర తెరుచుకోదు. అర్థమైందా అంటే అందరూ తలలు ఊపేస్తారు. నువ్వు నా దగ్గర కూర్చుని చదువుకునే రోజుల్లో ఏమనేవాణ్ణి? తొందరపడి తల ఊపకు అనేవాణ్ణి. ఆ ఒక్క మాట నీ పెట్టె చేత అనిపించు, ఒప్పుకుంటాను.

నాకిక్కడ క్షణం తీరిక లేదు. ఏం పని అని అడగకు. మీ పెద్దమ్మ కూడా అడగడం మానేసింది.

ఆశీస్సులతో,
పెదనాన్న


జూలై 11

పెదనాన్నకు,

కూర్చుని వినండి, ఎందుకంటే మీరు పందెం ఓడిపోయారు. పెట్టెలో పాఠం చెప్పే అమ్మాయి ప్రతి పాఠం చివరా ఏమంటుందో తెలుసా? "తొందరపడి తల ఊపకండి పిల్లలూ, ఇంకోసారి చూద్దాం" అంటుంది! మా పిల్లలకి అది ఊతపదమైపోయింది. నిన్న ఒకడు అన్నం దగ్గర వాళ్ళ నాన్నని కూడా అన్నాడట. సైన్సు మాస్టర్లంతా ఒకే బడిలో చదువుకుని వస్తారు కాబోలు.

మా బడి అంటే రెండు గదులు, ఒక వరండా. గోడ అవతల తల్లుల సంఘం వాళ్ళ పిండిమర. దాని కప్పు మీద సోలార్ పలకలు, లోపల పెద్ద బ్యాటరీ. మర ఆగిన టైములో ఆ బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి మా పెట్టెకి కరెంటు ఇస్తారు. సంఘం పెద్దని అందరూ మిషనమ్మ అంటారు. బట్టలు కుడుతుంది, మాట కూడా కత్తెరలాగే ఉంటుంది. ఊళ్ళో కుళాయిలు లేవు. నీళ్ళు కావాలంటే కొండ కింద ఊట దగ్గరికి దిగి, బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కి, తర్వాత చదునులో చాలా దూరం నడవాలి.

మొన్న ట్యాబు కెమెరాకి చిన్న కటకం తగిలించి ఉల్లిపొర చూపించాను. గోడ నిండా ఇటుకలు పేర్చినట్టు కణాలు! ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉంది, ప్రతిదానికీ ఎందుకు అంటుందని ఎందుకమ్మ అని పిలుస్తారు. అది లేచి వెళ్ళి గోడని తడిమి చూసింది. ఆ రోజు నాకు ఆకలి కూడా వెయ్యలేదు పెదనాన్నా, అంత సంతోషం.

ఒకటే దిగులు. ఆగస్టు 20న చదువుల ఆఫీసు నుంచి అధికారి వస్తారు. ఏ పాఠం ఏ రోజు నడిచిందో పెట్టె లోపలే నమోదవుతుంది. సరిగ్గా వాడటం లేదనిపిస్తే ఇంకో బడికి తీసుకెళ్ళిపోతారు. వరుసలో పన్నెండు బళ్ళున్నాయి.

కాబట్టి మీకు పనీపాటా లేక మా పెట్టెని ఆడిపోసుకోవడం మానండి. రిటైరైన వాళ్ళకి నోటికి తీరిక ఎక్కువంటుంది పెద్దమ్మ.

మీ పిచిక


జూలై 17

అమ్మాయికి,

ఉత్తరం చేరింది.

నాకు పనీపాటా లేదని ఎవరు చెప్పారు? పాట లేదు, ఒప్పుకుంటాను. పని ఉంది. అసలు పని అనే మాటకి అర్థం తెలియకుండా వాడేవాళ్ళు సైన్సు టీచర్లయితే ఇక పిల్లలేమవుతారు? నీ పెట్టెలోనే తొమ్మిదో పాఠం దాని గురించి ఉంది. శుభ్రంగా, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా ఉంది. ముందు అది వేసి చూపించు, నువ్వూ చూడు. ఆ తర్వాత నా తీరిక సంగతి మాట్లాడుకుందాం.

ఉల్లిపొర సంగతి బాగుంది. ఆ పిల్ల గోడ తడమడం ఇంకా బాగుంది.

పెదనాన్న


జూలై 26

పెదనాన్నకు,

మీ మాట విని తొమ్మిదో పాఠం వేశాను. నా పని అయిపోయింది.

మీ మీద అలకతో ఆ పాఠానికి వంక పెడుతున్నాననుకోకండి, పాఠం బాగానే మొదలైంది. బలం పెట్టిన వైపు వస్తువు జరిగితేనే పని. గోడని రోజంతా తోసినా గోడ కదలకపోతే పని సున్నా. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత బొమ్మలో ఒకావిడ బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. "తల మీద బిందెతో చదునైన దారిలో నడిచే స్త్రీ చేసే పని ఎంత? సున్నా!" అంది ఆ గొంతు, గంట కూడా మోగింది. పిల్లలంతా తలలు ఊపారు. నేనూ ఊపాను.

ఆ సాయంత్రం ఎందుకమ్మ ఇంటికి వెళ్ళింది. వాళ్ళమ్మ అప్పుడే నీళ్ళు తెచ్చి, "కాస్త ఈ బిందె అందుకోవే, పొద్దుటి నుంచి పనితో నడుం విరిగిపోయింది" అందట. ఈ పిల్ల ఊరుకోవచ్చు కదా? "కొండెక్కాక ఇక్కడిదాకా నువ్వు చేసిన పని సున్నా అమ్మా, పెట్టెలో చెప్పారు" అంది. ఆ తల్లి ఎవరనుకున్నారు? మిషనమ్మ.

మర్నాడు పొద్దున్నే నిండు బిందె నెత్తిన పెట్టుకుని వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నాది సున్నా అన్నది ఎవరు? నువ్వా, నీ పెట్టా?"

"అది సైన్సు భాషలో అన్నమాటండీ, మామూలు భాషలో..."

"ఏ భాషలోనైనా సున్నా సున్నాయే కదమ్మా."

అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నానికి మాట ఊరంతా పాకింది. మగవాళ్ళకి ఆట దొరికింది. "ఏమే సున్నా, నీళ్ళు తెచ్చావా?" అంటున్నారట ఇళ్ళల్లో. ఆడవాళ్ళ మొహాలు మాడిపోయాయి. సాయంత్రం పిండిమర దగ్గర కూడి మాట్లాడుకుని, మా తీగ ఊడబీకి చుట్టగా చుట్టి నా చేతికిచ్చారు. "ఏ పనీ చెయ్యనివాళ్ళం, మా దగ్గర కరెంటు ఎక్కడిది?" అంది మిషనమ్మ. వాళ్ళది తప్పని నేననలేకపోయాను.

పెట్టె చచ్చిపోయింది. ఎనిమిది ట్యాబుల్లో రెండింటిలో మాత్రం కాస్త ఛార్జింగు ఉంది. ఇంకా ఇరవై అయిదు రోజులు. అధికారి వచ్చి చూస్తే ఈ నెలాఖరు ఖాళీగా కనిపిస్తుంది. ఉల్లిపొరలు, చంద్రుడు, గుండె లోపలి గదులు అన్నీ మూటకట్టుకుని వెళ్ళిపోతాయి.

ఆ పాఠం రాసిన మహానుభావుడెవరో గానీ జన్మలో ఒక్క బిందె మోసి ఉండడు. ఎదురుపడితే కడిగి పారేస్తాను.

మీ పిచిక


ఆగస్టు 1

అమ్మాయికి,

తొందరపడి జనాన్ని కడగకు. నిర్వచనం నిర్వచనమే. బిందె బరువు కిందికి, ఎత్తిపట్టే బలం పైకి, నడక పక్కకి. ఎత్తు మారలేదు కాబట్టి గురుత్వానికి ఎదురుగా జరిగిన పని సున్నా. ఇది ఏ దేశంలో, ఏ పుస్తకంలో చూసినా అంతే. ఆ ఉదాహరణ నేను పుట్టకముందు నుంచీ ఉంది. పిల్ల ఇంటికెళ్ళి సగం మాట చెబితే, ఊరివాళ్ళు దానికి వెకిలితనం కలిపితే, రాసినవాడి తప్పేముంది? టీచరువి నువ్వక్కడ ఉన్నావు కదా, నువ్వెందుకు ఆపి వివరించలేదు?

ఇంకో మాట. ఆయన జన్మలో ఏం మోశాడో నీకేం తెలుసు? ముప్పై నాలుగేళ్ళు క్లాసులని మోశాడేమో. అది బరువు కాదా?

కరెంటు సంగతి పెద్దవాళ్ళతో నిదానంగా మాట్లాడు. క్షమించమని అడుగు. నువ్వు అడగడానికి నామోషీ అయితే నా పేరు చెప్పు.

పెదనాన్న

పిచ్చుక తల్లీ, పెద్దమ్మని. ఇది అంటించే ముందు నా చేతికి వచ్చింది. మీ పెదనాన్న ఈ ఉత్తరం మూడుసార్లు చించి నాలుగోసారి రాశారు. అన్నం సరిగ్గా తినడం లేదు. ఎందుకో ఆయన్నే అడుగు. నేను మాత్రం రేపు ఆయనకో పని పెడతాను.


ఆగస్టు 7

పెదనాన్నకు,

దొరికిపోయారు.

ఆ పాఠం రాసినాయన ముప్పై నాలుగేళ్ళు క్లాసులు మోశారని మీకెలా తెలుసు? నా బడి పెట్టెలో తొమ్మిదో పాఠం ఏమిటో మీకు ముందే ఎలా తెలిసింది? మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చదివాను. "తొందరపడి తల ఊపకు" దగ్గరికి వచ్చేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెల రోజులుగా నా క్లాసులో పాఠం చెబుతున్నది మీరేనా? గొంతు వేరే అమ్మాయిది పెట్టి, వెనక దాక్కుని?

కోపం వచ్చిన మాట నిజం. మీరు రాసినందుకు కాదు, దాచినందుకు. మీకు పనీపాటా లేదని రాసినందుకు నా మీద నాకు కూడా వచ్చింది.

ఇప్పుడిక్కడి సంగతి. క్షమించమని అడగడానికి మిషనమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ మిషను ఆపలేదు. ఎందుకమ్మ మూల నుంచి, "టీచర్, చదునులో సున్నా సరే, మరి కొండ ఎక్కేటప్పుడు ఎంత?" అంది. నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. సగం లెక్క దగ్గరే తలూపింది నేనే కదా! చదునులో సున్నా అని చెప్పినవాళ్ళం, కొండ మీద ఎంతో లెక్క ఎందుకు కట్టలేదు?

మర్నాడు మొత్తం క్లాసు ఊటకి దిగింది. పెట్టెతో పాటు గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే చిన్న సెన్సారు ఇచ్చారు, దాన్ని ఛార్జింగున్న ట్యాబుకి కలిపాం. ఊట దగ్గరి నుంచి కొండ కొనదాకా ముప్పై ఎనిమిది మీటర్లు. పిండిమర కాటాలో నిండు బిందె తూచాం, పద్నాలుగు కిలోలు. సులువుగా ఉంటుందని గురుత్వం పది అనుకున్నాం. ఒక్క బిందెకి ఐదువేల మూడువందల ఇరవై జౌళ్ళు. రోజుకి నాలుగు బిందెలు. ఎందుకమ్మ లెక్క గట్టి గట్టిగా చదివింది: "ఇరవై ఒక్క వేల రెండు వందల ఎనభై జౌళ్ళు!"

మిషనమ్మ మిషను ఆగిపోయింది. "ఇరవై ఒక్క వేల జౌళా? ఏ కొట్లో? చీరలా, పరదాగుడ్డలా?" అంది. జౌళి కాదు జౌళ్ళు, పనిని కొలిచే కొలత అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

తర్వాత చదును దారి సంగతి. ట్యాబు కెమెరా మీద వేలు పెడితే నాడి లెక్క చెబుతుంది కదా, దానితో చూశాం. ఊరికే కూర్చున్నప్పుడు మిషనమ్మ నాడి డెబ్బై నాలుగు. చదునులో మూడు వందల అడుగులు వట్టి చేతులతో నడిస్తే ఎనభై ఎనిమిది. బిందెతో నడిస్తే నూట ఎనిమిది. పదకొండుమంది తల్లులు వరసలో నిలబడి వేళ్ళు పెట్టారు. పోటీలు కూడా పడ్డారు. బిందెకి ఏమీ దక్కకపోవచ్చు, మోసిన మనిషి ఒంట్లో మాత్రం శక్తి ఖర్చవుతూనే ఉందని పిల్లలే చెప్పారు.

అందరూ నవ్వుకుంటూ వెళ్ళారు. కరెంటు మాత్రం ఇవ్వలేదు. మిషనమ్మ మాట ఇది: "నీ లెక్క బాగుంది టీచరమ్మా. నీ మీద నాకేం లేదు. కానీ పదిమందిలో సున్నా అన్నది పెట్టె. ఆ మాట పెట్టే వెనక్కి తీసుకోవాలి."

పెట్టె ఎలా తీసుకుంటుంది పెదనాన్నా? మీరే చెప్పాలి. ఇంక పదమూడు రోజులే ఉన్నాయి.

మీ పిచిక


ఆగస్టు 7

పిచికా,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఆగితే ధైర్యం చాలదు.

ఆ పాఠం నేనే రాశాను. పెట్టెలో ఉన్న నలభై పాఠాల్లో ఇరవై రెండు నావి. రిటైరైన ఏడాది పాఠాలు తయారుచేసే ఆఫీసువాళ్ళు ఇంటికి వచ్చి అడిగారు. డిజిటల్ చదువుల్ని అంతకాలం తిట్టిన నోటితో ఒప్పుకున్నానని నీకు చెప్పడానికి సిగ్గేసింది. నిజం చెప్పాలంటే, నేను ఎప్పుడూ చూడని ఊళ్ళలో, నేను ఎన్నడూ చూడని పిల్లలు నా మాట వింటారంటే ఆశ పుట్టింది. నీ బడి పెట్టెలో నా పాఠాలున్నాయని తెలిసినరోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మొన్న మీ పెద్దమ్మ ఒక బిందె నిండా నీళ్ళు పట్టి నా ముందు పెట్టింది. "పని సున్నా కదా, తల మీద పెట్టుకుని ఈ వరండా చివరిదాకా వెళ్ళి రండి" అంది. మన మూడో అంతస్తు వరండా తెలుసుగా, నలభై అడుగులు. తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. ఎత్తు మారకుండా, పక్కా చదునులో. మొదటి మూడు చుట్లు నిర్వచనం తలుచుకుంటూ నడిచాను. నాలుగోదానికి మెడ పట్టేసింది. ఏడోదానికి నీళ్ళు చొక్కాలోకి కారాయి. పక్కింటి గుమాస్తా తలుపు తీసి, "ఏం చేస్తున్నారు మాస్టారూ?" అన్నాడు. నా పాఠం ప్రకారమైతే ఏమీ చెయ్యడం లేదని చెప్పాలి. రొప్పుతూ ఇంకో చుట్టుకి తిరిగాను. పదిహేను చుట్లు తిప్పింది మహాతల్లి. తర్వాత తనే మెడకి నూనె రాసింది.

రాత తప్పు కాదు పిచికా. కానీ క్లాసులో అదే ఉదాహరణ ముప్పై నాలుగేళ్ళు చెప్పాను, ఒక్క గొడవా రాలేదు. ఎందుకా అని ఆలోచించాను. ఎదురుగా పిల్లలుంటే ఆ వాక్యం దగ్గర ఎవరో ఒకరి మొహం ముడుచుకునేది. వాళ్ళమ్మ గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయేది. వెంటనే ఆగి ఇంకో నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. ఆ నాలుగు మాటలూ పాఠంలో రాయడం మర్చిపోయాను. పెట్టెకి మొహాలు కనిపించవు కదా.

నీ ఊరి తల్లులకి నేనేం చెయ్యాలో రాయి. వచ్చి నిలబడమంటే వస్తాను, ఈ మెడతో కొండ ఎక్కగలిగితే.

నీ పెదనాన్న


ఆగస్టు 13

పిచికా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఒకదానికొకటి దండం పెట్టుకుని ఉంటాయి. నీది చదివి నేను, మీ పెద్దమ్మ ఎంతసేపు నవ్వామో. జౌళి సంగతి పక్కింటి గుమాస్తాకి కూడా చెప్పాను.

మిషనమ్మ గారి మాట నూటికి నూరుపాళ్ళు న్యాయం. అన్నవాళ్ళే వెనక్కి తీసుకోవాలి. మొన్న పొద్దున్నే ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి కూర్చున్నాను. పాఠం చదివే అమ్మాయికి నీ ఉత్తరం చూపించాను. ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి, వాళ్ళమ్మమ్మ నీళ్ళు మోసిందట. బొమ్మలేసే అతను అదే పూట కొండ గీశాడు. మీ పిల్లల లెక్కలే వాడుకున్నాం. గంట మోగడం తీసేయించాను.

ఈ కవరులో మెమరీ కార్డు ఉంది. పెట్టె పక్కన సన్నని సందులో దూర్చు, పాత తొమ్మిదో పాఠం పోయి కొత్తది వస్తుంది. మడవకు. నువ్వు చిన్నప్పుడు నా థర్మామీటరు ఏం చేశావో నాకింకా గుర్తుంది.

పెదనాన్న


ఆగస్టు 21

పెదనాన్నకు, నూనె రాసిన పెద్దమ్మకు,

ముందుగా పెట్టె సంగతి: ఉంటుంది! నిన్న అధికారి వచ్చారు. పెట్టెలో మూడు వారాలు ఖాళీ ఎందుకని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఎందుకమ్మ లేచి లెక్కల పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. కొండ ఎత్తు, బిందె బరువు, పదకొండుమంది తల్లుల నాడి, అన్నీ వరసగా ఉన్నాయి. ఆయన చాలాసేపు చదివారు. తర్వాత ట్యాబు మీద తన వేలు పెట్టి, "నాదెంతో చూడమ్మా" అన్నారు. తొంభై ఆరు. కొండెక్కి వచ్చారు కదా, పాపం. పెట్టె ఇక్కడే ఉండాలని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు.

కానీ మీకు చెప్పాల్సింది అది కాదు, దాని ముందురోజు జరిగినది.

కార్డు పద్దెనిమిదిన చేరింది. మడత పడలేదు. పట్టుకుని మిషనమ్మ దగ్గరికి వెళ్ళాను. "పెట్టె మాట మార్చుకుంటానంటోంది, చూస్తారా?" అన్నాను. "ఒక్క పాఠానికి సరిపడా కరెంటు ఇస్తా. ఆపైన దాని నోటిని బట్టి" అని ఒక చిన్న బ్యాటరీ నా చేతిలో పెట్టింది.

పంతొమ్మిది సాయంత్రం తల్లులంతా వచ్చారు. బెంచీలు చాలక కింద కూర్చున్నారు. సున్నా అని ఆటపట్టించిన మగవాళ్ళు కిటికీల దగ్గర నిలబడ్డారు. గోడ మీద మా కొండ వచ్చింది పెదనాన్నా, మా ఊట, మా ముప్పై ఎనిమిది మీటర్లు. బొమ్మలో ఆవిడ బిందెతో ఎక్కుతుంటే పక్కన జౌళ్ళు ఒక్కొక్కటే పెరుగుతూ పోయాయి. ఐదువేల మూడువందల ఇరవై దగ్గర ఆగినప్పుడు ఒకావిడ చప్పట్లు కొట్టింది. తర్వాత చదును దారి వచ్చింది. గది అంతా బిగుసుకుపోయింది. ఆ గొంతు నెమ్మదిగా చెప్పింది: "ఇక్కడ ఎత్తు మారదు కాబట్టి బిందె మీద జరిగిన పని సున్నా. మోసిన మనిషి పడిన శ్రమ సున్నా కాదు. ఈ తేడా చెప్పకుండా ఇంతకుముందు ఈ పాఠం చెప్పాం. అది మా తప్పు. మాకీ తేడా కొలిచి చూపించినవాళ్ళు పదకొండుమంది తల్లులు, వాళ్ళ పిల్లలు."

మీరు తప్పు ఒప్పుకోగా నేను వినడం పుట్టాక ఇదే మొదటిసారి.

అందరూ మిషనమ్మ వైపు చూశారు. ఆవిడ చీర కొంగుతో మోకాలి మీద ఏదో దులుపుకుని అడిగింది.

"ఇది రాసినాయన ఎప్పుడైనా బిందె మోశాడా?"

"మోశారండీ. వరండాలో పదిహేను చుట్లు. మెడ పట్టేసి మంచం ఎక్కారు."

"నీకెలా తెలుసు?"

"మా పెదనాన్నండీ."

నవ్వులతో గది దద్దరిల్లింది. మగవాళ్ళు కూడా నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పాఠం చివరి మాట కోసం ఎందుకమ్మ అప్పటికే నోరు తెరిచింది, కానీ వాళ్ళమ్మే ముందు అనేసింది.

"తొందరపడి తల ఊపను. ఇంకోసారి వెయ్యి."

వేశాను. రెండోసారి మొత్తం చూశాక మిషనమ్మ తల ఊపింది. లేచి, మా తీగ తనే తీసుకెళ్ళి పిండిమర పెద్ద బ్యాటరీకి తగిలించి వచ్చింది.

మీ పిచిక